నీలం బనియన్ మీద ఎర్ర పట్టీ

మా మేనత్త సుశీలాబాయికి ఒకరు పని చెబితే ఒళ్లు మండుతుంది. తాను చెప్పడం మాత్రం భలే ఇష్టం. ఆమె భర్త నాగనాథ్ మామయ్యకు నాందేడ్‌లో ఆటల బనియన్ల దుకాణం ఉండేది. 1983లో ఆయన బొంబాయి నుంచి ఒక మిషన్ తెచ్చాడు. కింద బల్ల, పైన కరెంటుతో కాలే ఇనుప పలక. బనియన్ పరిచి, అంకె అంటించిన కాగితం దాని మీద బోర్లించి, పలక దించి నొక్కితే అంకె గుడ్డకు అతుక్కునేది. అత్తను దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "నీకు తెల్వది, చేయి కాల్తది" అనేవాడు. పొద్దస్తమానం పొయ్యి దగ్గరుండే మనిషితో అనాల్సిన మాటేనా అది!

ఒకరోజు మధ్యాహ్నం ముద్ఖేడ్ కబడ్డీ జట్టు కెప్టెన్ మారోతి పన్నెండు నీలం నైలాన్ బనియన్లు తెచ్చాడు. మర్నాడే పోటీ. అంకె లేనివాణ్ణి ఆడనివ్వరు. మామయ్య అలవాటుగా నూలు బనియన్లకు పెట్టే వేడే పెట్టాడు.

"జర తక్కువ పెట్టున్రి, ఇది నైలాను" అంది అత్త. ఆయన వింటేగా!

పలక లేపేసరికి మారోతి బనియన్ వీపున అరచేయంత బొక్క. మామయ్య మిగతా బనియన్లు మారోతి ముందుకు తోశాడు. "మిగిలినయి తీస్కపో, నాతోని కాదు" అన్నాడు.

"ఎట్ల కాదు? నేను చేస్త, జరగున్రి" అని అత్త మిషన్ ముందు నిలబడింది. వేడి తగ్గించి, కాసేపు ఆగి, పలక మీద నీళ్లు చిలకరించింది, జొన్నరొట్టె పెనం చూసినట్టే. చుక్క ఎగరకుండా మెల్లగా ఆవిరైంది, అంటే వేడి తగ్గిందన్నమాట. కాలిన బనియన్‌లో బొక్క అంచు కాస్త కత్తిరించి, ఆ ముక్క మీద మొదట నొక్కి చూసింది. గుడ్డ కరగలేదు.

మొదటి బనియన్ మీద నొక్కగానే మారోతి తొందరపడి కాగితం లాగబోయాడు. "ఇప్పుడే తియ్యకు తమ్ముడా. సల్లారనీ" అంది. చల్లారాక తీస్తే అంకె అచ్చుగుద్దినట్టు నిలిచింది. పదకొండూ అట్లాగే అయ్యాయి. ఇక మిగిలింది మారోతిదే. అత్త బొక్క మీద వెడల్పాటి ఎర్ర పట్టీ వేసి కుట్టి, దానిమీద తెల్లటి ఏడంకె నొక్కింది.

"గిదేసుకుంటే అందరు నవ్వుతరు వదినా!"

"నువ్వు కూతకు పో. ఎవరు నవ్వుతరో చూద్దాం."

వాళ్లు ఫైనల్ దాకా వెళ్లారు. పది రోజులకు గోకుంద నుంచి దిగంబర్ అనే కెప్టెన్ వచ్చాడు. "ముద్ఖేడ్ కెప్టెన్‌కు ఏసినట్ల మాకు పన్నెండుకు పన్నెండు ఎర్ర పట్టీలు కావాలె. గట్ల ఏసింది నువ్వేనా అన్నా?" అని అడిగాడు.

నేనూ అప్పుడు దుకాణంలోనే ఉన్నాను; మామయ్య ఔనంటాడనే అనుకున్నాను. ఆయన అత్త వైపు చేయి చూపించాడు.

"నేను కాదు. నేను కాలవెట్టిన, సుశీల నిలవెట్టింది. ఏదున్నా ఆమెనే అడుగు."

అత్త కళ్లు తుడుచుకుంది. మెచ్చుకుంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు, కసరడమే తెలుసు. "ముచ్చట్లు ఎన్కకు. కరెంటు పోకముందే బనియన్లు పరవున్రి" అంది.

మామయ్య పరిచాడు.