యూరియా అందని మూల

2022 వానాకాలంలో నేనొక రైతుకు తెలిసి తెలిసీ తప్పుడు సలహా ఇచ్చాను. పశుగ్రాసాల పనిలో ఇరవై ఏళ్లు దాటినవాణ్ణి. తెలియక చెప్పానని అనుకోవడానికి వీల్లేదు.

ద్రాక్షారామం అవతల సత్యవతిగారి కొబ్బరి తోట. చెట్ల మధ్య గినీ గడ్డిలో ఆమె మూడు ఆవులు మేస్తాయి. నా తోటి ఉద్యోగి ప్రసాద్ ఆ గడ్డిలో స్టైలో కలిపి చల్లించాడు. అది పప్పుజాతి మేత. వేళ్ల మీది బుడిపెలతో గాలిలోని నైట్రోజన్‌ని పట్టుకుని తన తిండి తనే చూసుకుంటుంది. నేల మీద పాకే రకం ఒకవైపు, నిటారుగా లేచే రకం ఇంకోవైపు వేశాడు. ఏది మేతకు తట్టుకుంటుందో చూడాలని ట్రయల్. ఇది కుదిరితే దాణా కొనే బాధ తగ్గుతుందని, లేకపోతే ఒక ఆవును అమ్మక తప్పదని సత్యవతిగారు ముందే చెప్పారు.

ప్రసాద్ నాకంటే పదేళ్లు చిన్న. అంతకుముందు ఆ ఊళ్లో మేత సంగతేదైనా నాకే ఫోన్ చేసేవారు. ఆ ఏడు నేను బండి ఆపితే చాలు, "ప్రసాద్ గారు రాలేదేంటండీ?" అనేవారు. నవ్వేసేవాణ్ణి. ఇంటికి వెళ్లాక అన్నం సయించేది కాదు.

ఒకరోజు ఒంటరిగా ఆ తోటకు వెళ్లాను.

"గడ్డి పాలిపోయిందండి," అన్నారు సత్యవతిగారు. "ప్రసాద్ గారేమో యూరియా ఊసెత్తద్దన్నారు. మీరేమంటారు?"

యూరియా పడితే గడ్డి ఒక్కసారిగా లేచి స్టైలోకి ఎండ తగలనివ్వదని నాకు తెలుసు.

"ఒక సంచి చల్లండి. పెద్దవాణ్ణి, చెబుతున్నా కదా," అన్నాను.

నెల తిరిగేసరికి గడ్డి ఆవులు మేసినా తరగనంతగా మోకాళ్లు దాటింది. నిటారు రకం అక్కడక్కడా సన్నగా సాగి నిలబడింది. పాకే రకం దాదాపు మాయమైంది. ప్రసాద్, నేను కలిసే చూశాం.

"విత్తనమే మన నేలకు పనికిరాదేమో గురువుగారూ. అలాగే రాసేస్తాను," అన్నాడు. అతని ముఖం వాడిపోయింది. రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది.

"విత్తనం బానే ఉందండి," అన్నారు సత్యవతిగారు. "ఆ పడమటి మూల చూడండి, ఎలా అల్లుకుందో. అక్కడికొచ్చేసరికి సంచి అయిపోయింది."

"ఏం సంచి?"

"యూరియా అండి. ఆవు ఉచ్చపోసిన చోట గడ్డి గుబురేసి ఇంకేదీ బతకదు చూశారా? తోటంతా అలా అయిపోయింది."

"ఎవరు వెయ్యమన్నారండీ?"

ఆమె నా వైపు చూడలేదు. "ఎవరో అన్నార్లెండి. నా బుద్ధే గడ్డి తింది."

నన్ను కాపాడటానికి తప్పు తన మీద వేసుకున్నారు. నేను పనుందని బండెక్కాను. ఊరు దాటాక వెనక్కి తిప్పాను. ఇద్దరూ ఇంకా ఆ మూలే ఉన్నారు.

"నేనే చెప్పాను ప్రసాద్. తెలిసే చెప్పాను."

"ఆవిడ ఆవుని అమ్ముకునేవారండీ," అన్నాడు. తన ట్రయల్ గురించి ఒక్క మాట అనలేదు.

జరిగింది ఆఫీసుకు రాసిచ్చాను. వారం వారం వెళ్లి గడ్డి కోసి, మిగిలిన మొక్కలకు ఎండ తగిలేలా చేశాను. ఆ మూల గింజలు ఏరి, మరుసటి వానలకు ప్రసాద్ చెప్పినట్టు చల్లాను. స్టైలో మళ్లీ అల్లుకునేదాకా మూడో ఆవుకు దాణా నేనే తెచ్చి పోశాను. ఆవు ఉంది.

ఇప్పటికీ ఆ ఊళ్లో బండి ఆపితే, "ప్రసాద్ గారు రాలేదేంటండీ?" అంటారు. ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అతను ఎప్పుడొస్తాడో చెప్పి, ఫోన్ నంబరు రాసిచ్చి మరీ కదులుతాను.