కోరుట్ల మాస్టరు తప్పు వాయించిన పాట

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా వాడకట్టు మగవాళ్లకు రెండు పనులుండేవి. మామూలు రోజుల్లో సాంచాలు నడిపేవాళ్లు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. పెళ్లి ముహూర్తాలు మొదలయ్యాయంటే ఆ చేతులే డోళ్లు, ట్రంపెట్లు పట్టేవి. ముందురోజు మా ఆడవాళ్లు ఆ ఇత్తడి వాయిద్యాలన్నీ గడప ముందు పెట్టుకుని, బిందెలు తోమినట్టు చింతపండుతో తోమేవాళ్లు. ఇప్పటికీ నాకు చింతపండు వాసన తగిలితే పులుసు గుర్తుకు రాదు, పెళ్లి గుర్తుకొస్తుంది.

ఆ మేళానికి పెద్ద మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న. క్లారినెట్టు వాయించేవాడు. సాధన అంతా సాంచాలు నడుస్తుండగానే. ఆ చప్పుడులో ఒకరి వాయిద్యం ఒకరికి వినపడదు కాబట్టి అందరి చూపూ పెద్దబాపు ముఖం మీదే ఉండేది. ఆయన కనుబొమ్మ ఎగరేస్తే పాట పైకి పోవాలి, గడ్డం దించితే ఆగాలి. అలా కళ్లతో నేర్చుకున్న మేళం కనుక బజారులో ఎంత గోల ఉన్నా వాళ్లకు తాళం తప్పేది కాదు. దాంతోపాటు ఇంకో అలవాటు కూడా అబ్బింది. సాంచాల దగ్గర బతికినవాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు. మా ఇంట్లో ఏ రహస్యమైనా సందు చివరి దాకా వినపడేది.

పెద్దబాపుకు ఒక్కతే కూతురు, మా అక్క. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమెను సాంచాల షెడ్డులోనే ఒక మూల ఉయ్యాల కట్టి పడుకోబెట్టేవాళ్లట. ఆ చప్పుడుకు హాయిగా నిద్రపోయేదట. కరెంటు పోయి సాంచాలు ఆగాయంటే చాలు, ఉలిక్కిపడి లేచి ఏడుపు. అప్పుడు పెద్దబాపు క్లారినెట్టు తీసి, సాంచ నడిచే తాళంలోనే ఏదో ఒక వరస అల్లుకుంటూ, కరెంటు వచ్చేదాకా వాయించేవాడు. అలా రోజూ వాయించగా వాయించగా అదొక పాటయింది. మా ఇంట్లో దాని పేరు కరెంటు పాట.

ఆ పాటనే ఒకసారి ఏదో పెళ్లిలో, పిల్లను సాగనంపేటప్పుడు వాయించాడు. పందిట్లో కన్నీళ్లు పెట్టుకోనివాళ్లు లేరట. ఆ తర్వాత జగిత్యాల మేళంవాళ్లు దాన్ని పట్టుకున్నారు, కోరుట్లవాళ్లు పట్టుకున్నారు, మా చుట్టుపక్కల ఆ పాట లేకుండా పెళ్లికూతురు బండెక్కడం లేదన్నట్టుగా తయారైంది. అయితే అది ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. అందరూ సినిమా పాట అనుకునేవాళ్లు. పెళ్లిళ్లలో ఎవరైనా వచ్చి గీ పాట ఏ సినిమాలోదని అడిగితే పెద్దబాపు నవ్వుతూ, "ఇంక రిలీజ్ గాలే," అనేవాడు.

నాకు మాత్రం ఒళ్లు మండేది. మా పెద్దబాపు పాట అని చెప్పొచ్చు కదా అని సతాయించేదాన్ని. చెబితే ఎవరు నమ్ముతారు బిడ్డా అని నా తల నిమిరేవాడు. ఒకసారి జగిత్యాలలో ఓ పెద్దమనిషి, ఆ పాట మద్రాసులో ఎవరో గొప్పాయన కట్టాడని పెద్దబాపుకే వివరంగా చెప్పాడట. పెద్దబాపు అవునా అని తలూపి విన్నాడట. ఆ రోజు తిరుగుదారిలో లారీలో ఆయన ఎవరితోనూ మాట్లాడలేదని మా నాన్న చెప్పాడు. నవ్వే మనిషికి కూడా లోపల ఎక్కడో గుచ్చుకుంటుందని అప్పుడే నాకు తెలిసింది.

ఇక కోరుట్ల మేళం మాస్టరు సంగతి చెప్పాలి. ఆయనదీ క్లారినెట్టే. పెద్దబాపుకు సరిజోడు, పక్కా పోటీదారు. రెండు బరాత్‌లు, అంటే పెళ్లి ఊరేగింపులు, ఒకే బజారులో ఎదురుపడితే రెండు మేళాలూ ఎదురెదురుగా నిలబడి, ఎవరు ముందు ఆపుతారో చూద్దామన్నట్టు వాయించేవి. ఇద్దరు మాస్టర్లలో ఒక్కరూ తగ్గేవాళ్లు కాదు. ఒకసారి అలాగే పట్టుదలకు పోతే ఒక పెళ్లికొడుకు గుర్రం మీదే కునుకు తీశాడు. ఆఖరికి రెండు వైపుల పెద్దలూ వచ్చి ఇద్దరినీ చెరో రెక్క పట్టి లాక్కుపోవలసి వచ్చింది.

అక్కకు మేడిపల్లి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు తాతయ్య ఆ ఇంటికి పెద్దదిక్కు. మీసాలు పెద్దవి, మనసు మెత్తన, కానీ పద్ధతి అంటే పద్ధతే. పూలుపండ్ల రోజు, అంటే నిశ్చితార్థం నాడు, పెద్దబాపును పక్కన కూర్చోబెట్టుకుని, "పిల్ల తండ్రివి. గా రోజు నువ్వు కుర్చీల కూసోవాలె. బాజ పట్టద్దు," అన్నాడు. అవమానించాలని కాదు. పెళ్లిళ్లలో మేళంవాళ్లు ఎండలో నడిచి, ఎక్కడో వెనకాల కూర్చుని, చివరి బంతిలో తినడం ఆయన చూశాడు. తన వియ్యంకుడు అలా ఉండకూడదనుకున్నాడు. పెద్దబాపు సరేనని మాటిచ్చాడు.

అక్క ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. ఊరందరి బిడ్డలనూ తన పాటతో సాగనంపిన మా బాపు, ఆ పాట ఎవరికోసం పుట్టిందో ఆ పిల్లకు మాత్రం వాయించడా అని ఆమె బాధ. పెద్దబాపు గోడకు తగిలించిన క్లారినెట్టు వైపు చూసి, మాట ఇచ్చిన గద బిడ్డా అన్నాడు. మా బాపమ్మ, అంటే నాన్నగారి తల్లి, ఆ క్లారినెట్టును పెట్టెలో పెట్టి తన మంచం కిందకు తోసింది.

పెళ్లి రోజు రానే వచ్చింది. మగపెళ్లివారు కోరుట్ల మేళాన్ని తెచ్చుకున్నారు. పెద్దబాపు తెల్ల ధోతి, కొత్త శాలువాతో ఎదుర్కోలుకు వెళ్లాడు కానీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. మేళం మోగగానే అలవాటు కొద్దీ గిర్రున తిరిగి, మేళానికి ఎదురుగా వెనక్కి నడుస్తూ కనుబొమ్మ ఎగరేశాడు. తమాషా ఏమిటంటే, కోరుట్లవాళ్లు కూడా ఆ కనుబొమ్మకు పాట పైకెత్తారు. మా వాడకట్టంతా పడీపడీ నవ్వింది. బాపమ్మ వెళ్లి కొడుకును భుజాలు పట్టుకుని ముందుకు తిప్పింది.

అసలు గొడవ భోజనాల దగ్గర వచ్చింది. మొదటి బంతిలో తాతయ్య తన పక్కన పెద్దబాపుకు విస్తరి వేయించి కూర్చున్నాడు. పెద్దబాపు లేడు. మా నాన్న లేడు. మా మేళంలో ఒక్క మనిషీ కనపడలేదు. ఆడపెళ్లివారు అలిగారని మగపెళ్లివారిలో గుసగుస మొదలైంది. తాతయ్య విస్తరి ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు, వియ్యంకుడు వచ్చేదాకా ముద్ద ముట్టనన్నాడు. బాపమ్మ నన్ను వెంటబెట్టుకుని వెతుక్కుంటూ పోతే, అందరూ టెంటు వెనకాల ఉన్నారు. కోరుట్ల మేళంవాళ్లతో కలిసి, డోళ్ల మీద కూర్చుని, చివరి బంతి కోసం నింపాదిగా కబుర్లు చెప్పుకుంటున్నారు. అలకా లేదు, పాడూ లేదు. పెళ్లిలో అన్నాలు మొదలవగానే వాళ్ల కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి. తమ ఇంటి పెళ్లి అన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

మేము వెళ్లేసరికి కోరుట్ల మాస్టరు, నీ బాజ ఏడుందన్నా అని పెద్దబాపును అడుగుతున్నాడు. పెద్దబాపు తాను ఇచ్చిన మాట గురించి చెప్పాడు. ఆయన గంతేనా అని ఊరుకున్నాడు. బాపమ్మ మా వాళ్లందరినీ కేకలేసి బంతికి తోలింది. తాను మాత్రం అక్కడే ఉండిపోయి, నన్ను మంచినీళ్లు తెమ్మంది. నేను చెంబుతో తిరిగి వచ్చేసరికి ఆమె, కోరుట్ల మాస్టరు ఏదో మాట్లాడుకుని ముగించారు. సాంచాల మనిషి అయ్యుండి బాపమ్మ అంత మెల్లగా మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం.

పొద్దు వాలింది. అప్పగింతలయ్యాయి. పూలు కట్టిన జీపు వాకిట్లో ఆగింది. కోరుట్ల మేళం కరెంటు పాట ఎత్తుకుంది.

మొదటి వరస బాగానే వచ్చింది. రెండో వరసలో పాట పైకి లేవాల్సిన చోట చతికిలబడింది. మళ్లీ ఎత్తుకున్నారు, మళ్లీ అక్కడే పడింది. కుర్చీలో కూర్చున్న పెద్దబాపు వేళ్లు శాలువా మీద వాటంతటవే ఆడుతున్నాయి. మా నాన్న పళ్లు నూరుతున్నాడు. ఎవ్వరికీ తగ్గని కోరుట్ల మాస్టరు, అంత జనం ముందు, అందులోనూ పోటీదారు ఇంటి ముందు అంత ఘోరంగా వాయించడమేమిటో మాకు అంతుపట్టలేదు.

అప్పుడు తాతయ్య కర్ర పట్టుకుని లేచాడు. నేరుగా మేళం మధ్యకు పోయి ఆపమన్నాడు. నా చిన్నబిడ్డను సాగనంపిన రోజు జగిత్యాల మేళంవాళ్లు వాయించిన పాట ఇది, నాకు బాగా ఎరుక, గిట్ల గాదు అంటూ తన బొంగురు గొంతుతో ఆ వరస తానే పాడాడు. తప్పు లేకుండా పాడాడు.

కోరుట్ల మాస్టరు తల వంచుకుని, "మాకు గింతే వచ్చు తాతా. కట్టినోడు ఉండంగ మేమేడ సరిగ్గ వాయిస్తం?" అన్నాడు.

సినిమా పాటకు కట్టినవాడు ఇక్కడ ఎందుకుంటాడని తాతయ్య అడిగాడు. మాస్టరు క్లారినెట్టుతో పెద్దబాపు వైపు చూపించాడు.

"ఏ సినిమాల లేదది. నీ పక్కకు కూసోని బువ్వ తిన్నడు సూడు, గాయన కట్టిండు. గీ పిల్ల కోసమే కట్టిండు."

తాతయ్య పెద్దబాపును అలాగే చూస్తూ నిలబడిపోయాడు. ఆ పాట క్యాసెట్టు కోసం ఆయన ఏళ్లుగా కొడుకులను జగిత్యాల దుకాణాలకు తిప్పుతున్నాడని, దొరకలేదంటే సరిగా వెతకలేదని తిడుతున్నాడని తర్వాత అక్క చెబితే మేము కడుపు పట్టుకుని నవ్వాం. ఆ రోజు మాత్రం ఆయన కళ్లు తడిశాయి. మెల్లగా పెద్దబాపు దగ్గరికి వచ్చి చేయి పట్టుకుని లేపాడు.

"నువ్వు నాకిచ్చిన మాట నీకే వాపసిస్తున్న. వాయించు," అన్నాడు.

ఎవరూ అడగకముందే బాపమ్మ క్లారినెట్టుతో పక్కన నిలబడి ఉంది. టెంటు వెనకాల ఆ మెల్లటి మాటలేమిటో, మంచం కింది పెట్టె అంత తొందరగా ఎలా బయటికి వచ్చిందో మాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

పెద్దబాపు వాయించాడు. ఆ పాట నేను అప్పటికి ఎన్నోసార్లు విన్నాను, కానీ ఆ రోజు విన్నట్టు ఎన్నడూ వినలేదు. అయితే పాట పైకి లేవాల్సిన ఆ చోటికి రాగానే, అక్క ముఖం కనపడిందేమో, ఆయనకు దుఃఖం పొంగుకొచ్చింది. ఊపిరి తెగి క్లారినెట్టు ఆగిపోయింది.

ఆ ఆగిన చోటు నుంచే కోరుట్ల మాస్టరు అందుకున్నాడు. ఇంతసేపూ రాదన్న ఆ వరసను, ఒక్క చిన్న వంక లేకుండా, తేనె పోసినట్టు పైకెత్తి నిలబెట్టాడు. తాతయ్య చటుక్కున ఆయన వైపు తిరిగాడు. సంగతి అర్థమై, మీసాలు అదిరేలా నవ్వాడు. ఏడుస్తున్న అక్క కూడా తల్లిని వదిలి, కళ్లు తుడుచుకుంటూ, "ఏంది బాపు, కరెంటు పోయిందా?" అంది. దాంతో వాకిలంతా గొల్లుమంది. పెద్దబాపు నవ్వుతూ, ఏడుస్తూ మళ్లీ అందుకున్నాడు. మా వాళ్లు ఒక్కొక్కరే ఇళ్లలోకి ఉరికి డోళ్లు తెచ్చుకున్నారు. పూలు కట్టిన జీపు వాకిట్లోనే ఉండిపోయింది, పెళ్లికూతురిని తీసుకుపోవాలన్న ధ్యాస ఎవరికీ లేదు. అంత సంతోషంగా అత్తవారింటికి పోయిన పిల్లను నేను మళ్లీ చూడలేదు.

మేళాలు సర్దుకుంటున్నప్పుడు నేను ఉండబట్టలేక కోరుట్ల మాస్టరు దగ్గరికి పోయాను. అందరూ నీకు పాట రాదనుకున్నారు గదా, నీకు బాధ లేదా అని అడిగాను. ఆయన క్లారినెట్టు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు.

"నాకు వచ్చని నాకెర్కే గద బిడ్డా. గా పాట గాయనదని గాళ్లకు ఎర్క గావాలె."

ఆ తర్వాత పెద్దబాపు పెద్ద పేరున్న మనిషేమీ కాలేదు. ఆయన పాట క్యాసెట్టు కాలేదు, రేడియోలో రాలేదు. కోరుట్ల మాస్టరు పేరూ కోరుట్ల దాటలేదు. కానీ తాతయ్య బతికి ఉన్నన్నాళ్లూ మేడిపల్లిలో ఏ పెళ్లి జరిగినా మేళాన్ని ఆపి, ఇది ఎవరి పాటో తెలుసా అని అడిగి, మా వియ్యంకుడిది అని చెప్పాకే వాయించనిచ్చేవాడట. ఇప్పుడు వాళ్లెవరూ లేరు. పెళ్లిళ్లలో డీజేలు వచ్చాయి. మేడిపల్లిలో అక్క తన మనవరాలిని కరెంటు పాటతోనే పడుకోబెడుతుంది, ఇన్వర్టరు ఉన్న ఇంట్లో కూడా.

ఇప్పుడు మా వాడకట్టు బతుకమ్మలో ముందుండి పాట చెప్పేది నేనే. పోయిన ఏడు మా పక్కింటికి వీర్నపల్లి నుంచి కొత్త కోడలు వచ్చింది. మిషను కుట్టుకుంటూ తనలో తాను పాటలు అల్లుతుంది. అందులో ఒకటి నాకు ఎంతో నచ్చి, నేర్చుకుని బతుకమ్మ దగ్గర పాడాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇది ఆ పిల్ల పాట అంటే ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ పిల్లేమో సిగ్గుపడి వెనక్కి నక్కింది.

మర్నాడు అదే పాట ఎత్తుకుని, సగంలో కావాలనే తప్పాను. మళ్లీ ఎత్తుకుని మళ్లీ తప్పాను. ముసల్దానికి మతి పోతుందని ఆడవాళ్లు నవ్వారు. కట్టినామె ఉండంగ నాకెట్ల వస్తదమ్మా అన్నాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, తన పాట అలా పాడైపోతుంటే ఓర్చుకోలేక, గొంతు విప్పింది. తిరుగుతున్న ఆడవాళ్లందరూ ఆమె వైపు తలలు తిప్పారు. పాట పైకి లేచింది. నేను ఆమె వెనక చేరి చప్పట్లు కొడుతూ తిరిగాను. పాట నాకు వచ్చని నాకు తెలుసు కదా.