ఒకటే నెత్తురు

మొన్న మా మనవరాలి ఫోనుకు, కర్నూలులో ఎవరికో ఓ పాజిటివ్ రక్తం కావాలని కబురొచ్చింది. ఆ పిల్ల వాళ్ళ పేరడగలేదు, ఊరడగలేదు, చెప్పులేసుకొని బయలుదేరింది. ఇంత సులువా ఈ పని అనుకుంటూ నేను కుర్చీలో అట్లాగే ఉండిపోయాను.

రాయచోటి పక్కన మాది మేనరికాల ఇల్లు. అమ్మా నాన్నా మేనత్త మేనమామ బిడ్డలు, అక్కనేమో మా మేనమామకే ఇచ్చారు. లోపలి పిల్లను లోపలికే ఇచ్చుకుంటూ వచ్చిన వంశమని, మాదంతా ఒకటే నెత్తురని నాన్న మీసం దువ్వుకునేవాడు. యాభైలలో, నేను కడపలో కొత్తగా బడిపంతులుగా చేరిన ఏడు, కాన్పు కష్టమవుతుందేమోనని అక్కను నా దగ్గరికి తెచ్చారు. బిడ్డ దక్కింది గాని అక్కకు నెత్తురు పోవడం ఆగలేదు. రక్తం ఎక్కించాలి, ఈమెది ఓ గ్రూపు, ఓ తప్ప వేరేది పడదు, ఆ గ్రూపువాళ్ళను వెంటనే చూడండి అంది డాక్టరమ్మ. నాదీ నాన్నదీ మామదీ చూస్తే మూడూ బి.

మమ్మల్ని ఆసుపత్రికి తెచ్చిన జట్కా సాయిబు ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. "నాది సూడమనప్పా, ఆ తల్లి బతకల్ల" అన్నాడు. నాన్న ఆయన భుజం మీద చెయ్యేసి, మర్యాదగానే, "మావోళ్లు వస్తాండారులే సాయిబూ, మాదంతా ఒకటే నెత్తురు" అన్నాడు. ఆ మాటలో ద్వేషమేమీ లేదు, ఉత్త నమ్మకం, అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. పెద్దల ముందు మా తరానికి నోరెక్కడిది! ఊరికి మనిషి పోయి, పెదనాన్నలూ చిన్నాన్నలూ బస్సు దిగేసరికి పొద్దు వాలింది. పాపం, తిండి కూడా తినకుండా పరుగెత్తుకొచ్చారు. ఒక్కొక్కరూ వేలు చాచారు. బి, బి, మళ్ళీ బి.

అప్పుడు నాన్న, పొద్దున్నుంచీ అక్కడే ఉండిపోయిన సాయిబు రెండు చేతులూ పట్టుకున్నాడు. పరీక్ష చేస్తే ఆయనది ఓ. సీసా నిండకముందే అక్క పోయింది.

ఒక్కో జాతిలో, ఒక్కో కులంలో ఈ గ్రూపుల పాళ్ళు వేరుగా ఉంటాయని, తమలో తామే ఇచ్చిపుచ్చుకునే ఇళ్ళలో ఒకటే గ్రూపు పేరుకుపోవచ్చునని డాక్టరమ్మ తర్వాత మెల్లగా చెప్పింది. మా ఇంట్లో కరువైన ఓ, బయట శానామందికి ఉండేదేనట. "అంటే ఈదిలో ఎవుర్ని పిలిసినా దొరికేదేనా తల్లీ?" అన్నాడు నాన్న.

ఇప్పుడు పెళ్ళికి ఏం చూసినా, ప్రాణం మీదికొస్తే గ్రూపొక్కటే చూస్తున్నారు. ఆ పాటి తెలివి మాకు లేకపోయిందే అని ఏడుపొస్తుంది. ఆ పగలంతా ఆసుపత్రి ముందు జనం వస్తూ పోతూనే ఉన్నారు. మా అక్కకు కావలసిన నెత్తురు మా కళ్ళ ముందే నడిచిపోతుంటే, మేము బస్సు కోసం చూస్తూ కూర్చున్నాము.