రొట్టెకు కాపలా

ప్రార్థన కూడికలో వాక్యం చెప్పడానికి గుంటూరు నుంచి శామీర్‌పేట దగ్గరి అలియాబాద్ వెళ్లాను. కూడికకు ముందు పక్కింటి రైతు నర్సింహారెడ్డి గారు భోజనానికి పిలిచారు. వాళ్లు హిందువులు. అయినా ఊరికి వచ్చినవాణ్ని తినకుండా పంపరట.

ఆయన భార్య సత్తమ్మ గారు జొన్నరొట్టెలు చేత్తో తట్టి, ఒక్కొక్కటే కాల్చి మా కంచాల్లో వేస్తున్నారు. అక్కడ రొట్టె పెనం మీద నుంచి నేరుగా కంచంలోకి రావాలి. అందుకే చేసే ఆడవాళ్లు ఆఖరున, చల్లారినవి తింటారు.

నా ప్రసంగం ప్రభువు అనే మాట గురించి. అదే వాళ్లకూ చెప్పాను. "ఇంగ్లీషులో లార్డ్ అంటే పాతకాలంలో రొట్టెకు కాపలా ఉండేవాడని అర్థమండి. లేడీ అంటే రొట్టెల పిండి పిసికే ఆమె."

"గట్లనా సార్!" అని సత్తమ్మ గారు నవ్వి భర్త వైపు తిరిగారు. "ఇన్నవా? పిండి నేను పిసికిన. ఇగ లేసి నువ్వు కాపలా ఉండు. గీ ఇంటికొచ్చినంక ఉడుకుడుకు రొట్టె తిన్నదే లేదు."

"మంచి పని వెట్టిన్రు పాస్టర్ సార్!" అంటూ ఆయన చెయ్యి కడుక్కుని పొయ్యి ముందు కూర్చున్నారు. మొదటి రొట్టె మాడింది. రెండోది ఆమె కంచంలో వేశారు. ఆమె మొత్తం తిన్నారు.

నేను సిద్ధం చేసుకున్న ప్రసంగం సింహాసనం మీద ఉన్న ప్రభువు గురించి. ఆ సాయంత్రం మాత్రం, సరస్సు ఒడ్డున నిప్పులు రాజేసి, రొట్టె సిద్ధం చేసి, రాత్రంతా చేపల వేటలో అలసిన శిష్యులను తినమని పిలిచిన ప్రభువు గురించి చెప్పాను. నర్సింహారెడ్డి గారు కాలిన వేలికి వెన్న రాసుకుని, వెనక వరుసలో కూర్చుని విన్నారు.