దవడ కింది నల్లమచ్చ

2023 వానాకాలం. గోదావరిఖని మార్కెట్ వెనక సందులో నాది రెండు కుర్చీల సెలూన్. ఫస్టు షిఫ్టు దిగి కార్మికులు వచ్చేదాకా మధ్యాహ్నం పని పలచగా ఉంటుంది. ఆ వేళ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం చదువుకుంటాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. అయినా చర్మం గురించి, వెంట్రుక మొలిచే తీరు గురించి చదివి రాసుకున్న నోటుబుక్కులు మూడున్నాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం రాజవ్వక్క వచ్చి గడప దగ్గర నిలబడింది. ఆమె భర్త సత్తయ్య భూగర్భ గనిలో పనిచేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్లు నా కుర్చీలోనే గడ్డం గీయించుకున్నాడు. బంధుత్వం లేకపోయినా బావా అని వరస కలుపుకున్నాను. ఆరు నెలల కిందట పక్షవాతం వచ్చి ఆయన కుడివైపు పడిపోయింది, మాట ముద్దయింది. నేను ఇంటికి వెళ్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ స్థితిలో నా కంటబడటం ఆయనకు ఇష్టం లేదు. దుకాణంలో కొన్న రేజరుతో అక్క గీస్తే ముఖమంతా పొక్కులు లేచాయి.

"నాకు ఉస్తర పట్టుడు నేర్పు తమ్మీ. ఆయన మొకానికి నీ చెయ్యి తప్ప ఇంకోటి పడ్తలేదు" అన్నది.

ఉస్తర అంటే మడిచే కత్తి, స్ట్రెయిట్ రేజర్. ఇప్పుడు అందులో సగం బ్లేడు పెట్టి, మనిషికొకటి మారుస్తాం.

బెలూన్ ఊది, నురుగు పూసి చేతికిచ్చాను. మేము పని నేర్చుకునేది దానిమీదే. నురుగు పోవాలి, బెలూన్ పగలకూడదు. నోటుబుక్కు తెరిచి ఒక్కొక్కటే చెప్పాను. వేడినీళ్ల తువ్వాలుతో గడ్డాన్ని బాగా నాననివ్వాలి. ఎడమచేత్తో చర్మాన్ని బిగించి పట్టాలి, వదులుగా ఉన్నచోటే తెగుతుంది. కత్తి వీపు చర్మానికి దగ్గరగా వాలి ఉండాలి, ముప్పై డిగ్రీలకు మించి లేవకూడదు. గ్రెయిన్ వెంబడి, అంటే వెంట్రుక వాలిన వైపే, కొద్దికొద్దిగా గీయాలి. కత్తి అడ్డంగా జరిగిందంటే గాటు పడినట్టే. మొదటిరోజు మూడు బెలూన్లు పగిలాయి. పక్క టీకొట్టాయన తొంగిచూసి, పుట్టినరోజు ఎవరిదని అడిగాడు. నాలుగోరోజు నా చెంపే ఇచ్చాను. ఊపిరి బిగబట్టి గీసింది. ఒక్క గాటు పడలేదు.

వారం తిరక్కుండా ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. మూడుసార్లు గీస్తే మూడుసార్లూ ఒకేచోట, ఎడమ దవడ కింద, తెగిందట. పటిక అద్ది రక్తం ఆపిందట. ఇప్పుడు ఆయన కత్తిని చూడగానే బాగున్న చెయ్యి గదువకు, అదే దవడకు, అడ్డం పెట్టుకుంటున్నాడట.

"నా చేతి బువ్వ తింటడు తమ్మీ. గదే చెయ్యి మొకం దిక్కు పోతే కండ్లు మూసుకుంటడు. ఇన్నేండ్లకు నన్ను జూసి భయపడవట్టె."

మెడ దగ్గర గ్రెయిన్ మారుతుందని చదివాను కదా, కింది నుంచి పైకి గీయమన్నాను. మళ్లీ తెగింది. అప్పుడుగానీ అడగాల్సింది అడగలేదు, అక్కడ నీకేం కనిపిస్తున్నదని.

"ఏముంటది, గడ్డమే. ఎంత గీసినా నల్లగనే ఉంటది, పోనే పోదు."

అది గడ్డం కాదు. గనిలో తగిలిన గాయంలో బొగ్గుపొడి ఉండిపోతే, పైన చర్మం మూసుకుని నీలినలుపు మచ్చ మిగులుతుంది. ఆయనది దవడ నీడలో మాసిన గడ్డంలాగే కనిపిస్తుంది, కాస్త ఉబ్బెత్తుగా కూడా ఉంటుంది. అక్కడికి రాగానే నా చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. అలా లేస్తుందని నాకే తెలియదు, ఇక ఆమెకేం చెబుతాను?

ఇంకో చిక్కు ఉంది. గని రూఫ్ నుంచి పెళ్ల ఊడిపడి ఆ దెబ్బ తగిలిందని బావ నా కుర్చీలోనే చెప్పాడు. తెలిస్తే అక్క గనిలోకి దిగనివ్వదని, ఇంట్లో మాత్రం సైకిల్ మీంచి పడ్డానన్నాడు. ఎవరితో అననని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. కుర్చీలో విన్నది కుర్చీలోనే వదిలెయ్యాలన్నది మా పనిలో నియమం. ఆ రోజు దాన్ని తప్పి, అక్కకు అంతా చెప్పాను.



"గందుకా చెయ్యి అడ్డం పెడ్తుండు" అన్నది రాజవ్వక్క. "భయం గాదు, దొంగతనం బయటవడ్తదని. నేనేమో బొగ్గును గీకవడితి."

రెండురోజులకు మళ్లీ వచ్చి జరిగింది చెప్పింది. నురుగు రాయకముందే ఆ మచ్చ మీద వేలు పెట్టి, సైకిల్ మంచిగనే పడ్డదని అన్నదట. బావ తెల్లమొహం వేసి, ఎవరు చెప్పారని ముద్దమాటల్లో అడిగాడట. నీ బామ్మర్దేనని చెప్పిందట. ఆయన సగం మూతితో నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా ఆమె కత్తిని దూరంగా పట్టుకుని కూర్చున్నది. తర్వాత మచ్చను బొటనవేలితో మూసి, చుట్టూ గీసింది.

"చెయ్యి అడ్డం పెట్టలే తమ్మీ. గదువ ఆయనే లేపిండు."

ఇప్పుడు ఎవరికి ఉస్తర నేర్పినా, నురుగు కలపకముందు పొడి ముఖం మీద వేళ్లు పోనిచ్చి, ఎక్కడేముందో ఆ మనిషినే అడగమంటాను. కొందరు చెబుతారు. కొందరు చెప్పరు. అప్పుడు వేళ్లకు తెలిసింది నమ్మి, చెయ్యి లేపాలి.