ఇరవై నాలుగో వంతు పట్టాభి గారు

పట్టాభి గారి దృష్టిలో ఈ ప్రపంచంలో సరైన కొలత ఒక్కటే: అసలు దానిలో ఇరవై నాలుగో వంతు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న చిన్న కార్లు కట్టే మా బృందంలో ముప్ఫై రెండో వంతు కట్టేవాళ్ళున్నారు, నలభై మూడో వంతు కట్టేవాళ్ళున్నారు. వాళ్ళను ఆయన మనుషుల కింద లెక్కేసేవారు గానీ, కార్లు కట్టేవాళ్ళ కింద లెక్కేసేవారు కాదు.

అన్నిటికన్నా ఎక్కువ పగ మాత్రం ఇరవై అయిదో వంతు మీద. నాలుగు మీటర్ల కారుని ఆ లెక్కన కట్టినా, ఈ లెక్కన కట్టినా తేడా ఏడు మిల్లీమీటర్లు. ఆ ఏడు మిల్లీమీటర్ల మీద వాదన ముదిరి ఒక పెళ్ళిలో పెరుగన్నం దగ్గర విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశారు.

బ్యాంకులో పనిచేసే స్వప్న మొదటిసారి మా దగ్గరికొచ్చిన ఆదివారం నాకింకా గుర్తు. కొత్తపేటలో మా మేడ మీది గదిలోనే అందరం కూడేవాళ్ళం. ఆమె తను కట్టిన ఎర్ర కారుని మురిపెంగా బల్ల మీద పెట్టింది.

"బాగుందమ్మా. ఎన్నో వంతు?" అన్నారు పట్టాభి గారు.

"ట్వంటీ ఫైవ్, అంకుల్."

ఆయన జేబులోంచి స్టీలు స్కేలు తీసి, కారు పక్కన పెట్టి చూసి, "పాపం!" అన్నారు.

"ఏమైంది అంకుల్?"

"ఎదగలేదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకసారి, బట్టల కొట్టు ముందు ఆగి ఉన్న పాత కారు పక్కన గొంతుక్కూర్చుని టేపుతో చక్రం కొలవడం మొదలుపెట్టారు. కారు యజమాని పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏంది సార్, నా టైరు గుంజుకపోతరా?"

"అక్కర్లేదండి. ఇందులో ఇరవై నాలుగో వంతు చాలు."

"గంతే తీస్కపోతే నా బండెట్ల నడుస్తది?"

ఇలాంటి మనిషికి మా అందరిలోకీ ఇష్టమైన నేస్తం సాయిలు. బస్సు డిపోలో ముప్ఫయ్యేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరై, ఎల్బీ నగర్‌లో ఉండేవాడు. "అసలు బండ్లు ఎన్ని ఇప్పినా ఎవ్వడు చప్పట్లు కొట్టలే సార్. గీ బుడ్డ బండ్లకు కొడుతున్నరు" అని నవ్వేవాడు. పట్టాభి గారు కోప్పడకుండా మాట్లాడేది అతనొక్కడితోనే.

సాయిలు చేతులు వణకడం మొదలైంది. మొదట్లో మేమెవరం పట్టించుకోలేదు. ఒక ఆదివారం, బియ్యపు గింజంత పక్క అద్దాన్ని కారుకి అతికించబోతే అది పట్టుకారులోంచి జారిపోయింది. వెతికి ఇచ్చాం. మళ్ళీ జారింది. మూడోసారి అతను వెతకనివ్వలేదు.

"పోనియ్యిండ్రి. అద్దం లేకున్నా బండి పోతది" అన్నాడు. నవ్వాడు గానీ, చేతులు రెండూ బల్ల కిందికి దాచుకున్నాడు.

ఆ తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే, "మోకాళ్ళు నొస్తున్నయి శైలేందరూ" అన్నాడు నాతో. నరాల డాక్టరు దగ్గరికి తిరుగుతున్నాడని తర్వాత తెలిసింది.

నాలుగో ఆదివారం పట్టాభి గారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. చంకలో పెద్ద పెట్టె. దాని మీద అంకె చూసి గదంతా నోరు తెరిచింది. పన్నెండో వంతు! కారు కడితే అడుగు పైనే ఉంటుంది. ముక్క ముక్కా వేళ్ళతో పట్టుకునేంత లావు.

"అంకుల్, పార్టీ మారారా?" స్వప్న ఇన్నాళ్ళ బాకీ తీర్చుకుంది.

"ఇరవై నాలుగంటే పిల్లల ఆటమ్మా. నా మనసు దాని మీంచి పోయింది. ఇక పన్నెండే."

"మరి మావి?"

"పాపం, ఎదగలేదు."

ఆ రోజు నుంచి మేం ఆయన్ని వదిలిపెట్టలేదు. మాట మీద నిలబడని మనిషన్నాం. పెరుగన్నం దగ్గర లేచిపోయిన వైనం ప్రతి ఆదివారం తవ్వి తీశాం. ఆయన మాత్రం ఆ మొదటిరోజు మధ్యాహ్నమే ఆటో మాట్లాడుకుని ఎల్బీ నగర్ వెళ్ళి, సాయిలుని వెంటబెట్టుకొచ్చారు.

"ఇంత పెద్దది నా ఒక్కడి వల్ల కాదండి సాయిలు గారూ. ఇంజను మీరు చూడాలి" అన్నారు.

ఏడాదిన్నర ఇద్దరూ కలిసి రెండు కార్లు కట్టారు. మూడోదానికి వచ్చేసరికి సాయిలు వేళ్ళకి ఆ లావు ముక్కలూ ఆగలేదు. అతను ఏది ఎక్కడో చెబుతుంటే పట్టాభి గారు అతికించేవారు. ఆ వానాకాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి సాయిలు దవాఖానలో తొమ్మిది రోజులుండి కన్నుమూశాడు. మూడో కారు బానెట్ తెరుచుకుని అలాగే ఉండిపోయింది. దాన్ని ముట్టుకుందామని మాలో ఎవరం అనలేదు.

దినాలయ్యాక పట్టాభి గారూ నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. సాయిలు భార్య యాదలక్ష్మి మాకు చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మా ఆయన మిమ్మల్ని శాన తలుసుకునేటోడు సార్. 'పట్టాభి సారుకు కండ్లు సరిగ కానొస్తలెవ్వు. చెప్పుకోనీకి సిగ్గు. అందుకే పెద్ద కార్లు తెస్తుండు. నేను పోకుంటే ఒక్కడే పరేషాన్ అయితడు' అనేటోడు. పెయ్యిల చాత గాకున్నా అంగీ ఏసుకొని తయారయ్యేటోడు."

నేను పట్టాభి గారి వంక చూశాను. గది ఆ చివర్నుంచి మిల్లీమీటరు తేడా పట్టేసే కళ్ళవి. ఎవరి చేతుల కోసం ఆయన తన పట్టుదల వదిలేసి, ఏడాదిన్నర మా మాటలు పడ్డారో అప్పటిగ్గానీ నా బుర్రకి ఎక్కలేదు. పట్టాభి గారు చాయ్ గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నారు:

"అవునమ్మా. ఆయన రాకపోతే నా పని అయిపోయేదే."

"మరి ఇప్పుడెట్లున్నయి కండ్లు?"

"మసగ్గానే ఉన్నాయమ్మా."

"అట్లెట్ల ఊకుంటరు? మా చెల్లె కొడుకు కండ్ల దవాఖానల చేస్తడు. రేపు పొద్దుగాల మీరు పోవాలె. ఆయన ఉంటే తనే తోల్కపోతుండె."

మర్నాడు పొద్దున్నే ఆయన వెళ్ళారు. తోడు నేనూ వెళ్ళాను. రెండు గంటలు వరసలో కూర్చున్నాక డాక్టరమ్మ పరీక్ష చేసి, "ఈ వయసులో ఇంత మంచి చూపు నేను చూడలేదండీ. మీకు అద్దాలు అవసరం లేదు" అంది.

"తెలుసండి" అన్నారు పట్టాభి గారు. "అయినా రాయండి. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పెట్టుకోవాలి."