కత్తిరించకుండా పంపిన పాట

ఆ మెసేజి వచ్చినప్పుడు నేను టాటానగర్ స్టేషను దగ్గర బాగ్‌బేరా సంతలో వంకాయలు ఏరుతున్నాను.

"భయ్యా, గ్రూపులో పెట్టిన మీ పాట ఫోల్డరు వెంటనే తీసెయ్యండి. గొంతు ఫైలులో పాట అయిపోయాక మాటలున్నాయి. నేనూ తెలుగువాణ్ణే. వినేశాను. ఏమీ అనుకోకండి."

పంపినవాడు ఖరగ్‌పూర్ మనిషి. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఒక నెల క్రితం మాత్రం అందరి ముందూ అతన్ని నవ్వులపాలు చేశాను. అందుకని మొదట ఇదేదో ఎత్తిపొడుపు అనుకున్నాను. ఆ తర్వాత 'మాటలు' అన్న ముక్క బుర్రకెక్కింది. చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. కూరగాయలామె "లేనా హై తో లో, నహీ తో రఖో" అని, కొంటే కొను లేకపోతే పెట్టెయ్యమని కసిరితే గాని నేను కదల్లేదు.

అసలు సంగతి చెప్పాలంటే ఆ గ్రూపు గురించి చెప్పాలి. ఇంట్లో పాటలు రికార్డు చేసుకుని మిక్సింగ్ చేసేవాళ్ళం, రకరకాల ఊళ్ళవాళ్ళం అందులో ఉంటాం, మాటలన్నీ హిందీలోనే. గొంతు, హార్మోనియం, డోలక్ విడివిడిగా రికార్డు చేసి, ఏది ఎంత వినపడాలో తూచి ఒక్క పాటగా కలపడమే మిక్సింగ్. కలిపింది గ్రూపులో పెడితే మిగతావాళ్ళు విని తప్పొప్పులు చెబుతారు. చెప్పడానికి కొన్ని మర్యాదలున్నాయి. రెండుసార్లు వినకుండా నోరు విప్పకూడదు. బాగున్నది ఒకటి చెప్పాకే బాగులేనిది చెప్పాలి. పాడినవాళ్ళ గొంతు జోలికి పోకూడదు. పాడినవాళ్ళని అడగకుండా విడి ఫైళ్ళు ఎవరికీ ఇవ్వకూడదు. ఈ చివరిది కొత్తవాళ్ళకి పదేపదే గుర్తుచేసేది నేనే.

మిగతా మర్యాదలు నేను పాటించింది తక్కువ. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ చేత తిట్లు తిని వచ్చి, ఆ కసి గ్రూపులో తీర్చుకునేవాణ్ణి. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నాను గాని అప్పుడు అది నిక్కచ్చితనం అనుకునేవాణ్ణి. ఖరగ్‌పూర్ అతను వాళ్ళ కాలనీ పిల్లల చేత పాడించిన పాట పెడితే, సగం కూడా వినకుండా "బాత్‌రూములో పాడించి బకెట్లో కలిపారా భాయ్‌సాబ్?" అని హిందీలో రాశాను. చాలామంది నవ్వారు. అతను "ధన్యవాద్" అని మాత్రం రాశాడు.

తర్వాత నా పాట పెట్టాను. పాడింది మా వీధి చివర రైల్వే క్వార్టరులో ఉండే అక్క. తోడబుట్టినది కాదు, చిన్నప్పటినుంచీ అక్కా అనే పిలుస్తాను. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చారు. టాటానగర్ యార్డులో పట్టాల మీద పని. భజనల్లో ఆమె గొంతెత్తితే డోలక్ వాయించేవాడు తలెత్తి చూస్తాడు. నాన్నమ్మ దగ్గర నేర్చుకున్న ఒక తత్వం ఆమె చేత పాడించాను.

దానికి ఖరగ్‌పూర్ అతను మర్యాదగానే రాశాడు. డోలక్ చాలా బాగా కుదిరిందన్నాడు. చరణాల చివర మాత్రం శ్రుతి కొద్దిగా దిగుతోంది, ఆమెకి హెడ్‌ఫోన్లో హార్మోనియం సరిగ్గా వినపడిందా, ఒకసారి చూడండి అన్నాడు. అతను చెప్పింది నిజం. ఆ దిగడం నేనూ విన్నాను, దాన్ని కప్పిపుచ్చడానికి ఒక ఆదివారమంతా తంటాలు పడ్డాను. నా ముసుగు అతను తీశాడని ఒళ్ళు మండింది. "ఫైళ్ళన్నీ పెడుతున్నాను. దమ్ముంటే మీరే కలిపి చూపించండి" అని రాసి, ఫోల్డరు ఉన్నదున్నట్టు గ్రూపులో పడేశాను. అక్కని అడగలేదు. ఫైళ్ళు మొదలూ చివరా కత్తిరించలేదు. కంప్యూటరు తెర మీద పాట చివర కత్తిరిస్తే అది కనపడకుండా పోతుంది తప్ప అసలు ఫైలులో అలాగే ఉంటుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. కోపంలో ఉన్నవాడికి తెలిసినవి గుర్తుకు రావు.

సంత నుంచి ఇంటికొచ్చి ముందు ఫోల్డరు తీసేశాను. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ఫైలు చివర విన్నాను.

రికార్డింగు రోజు ఆమె పాట ఒకసారి పాడడం అవగానే కరెంటు పోయింది. నేను ఇన్వర్టరు చూడ్డానికి వెళ్ళాను. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది, మైకు వింటూనే ఉంది. గదిలో అక్కా, నా భార్యా.

"అబ్బ, ఫేను ఆపీసి సంపేత్తన్నాడే మీ ఆయన." అక్క నవ్వు.

"ఏటి వదినా, రెండుసార్లు పిలిచినా పలకవు? నీళ్ళు కావాలా?" నా భార్య.

కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత అక్క గొంతు, బాగా దగ్గరగా.

"నీకొకటి సెప్తాను. ఎవురికీ అనకు. నా ఎడం సెవి పోయిందే. ఆర్నెల్లయింది, అసలు ఇనపళ్ళేదు."

"ఓలమ్మో! మరి యార్డులో?"

"తల తిప్పుకుంటూ సేత్తన్నాను. మొన్న ఇంజిను ఆ పక్కనుంచే వచ్చీసింది. పక్కనున్నోడు డూటీ జాకెట్టు పట్టుకుని లాగీసినాడు. ఏదో పరాకులే అని నవ్వీసినాను."

"మెడికల్‌కి ఎల్లి సెప్పకపోతే ఎలాగ వదినా?"

"ఎల్తే పట్టాల మీంచి తీసేత్తారు. ఎక్కడ ఏత్తారో, ఏటిత్తారో. క్వార్టరు ఉంటాదో ఊడతాదో. పిల్లగుంట సదువు సగంలో ఉంది. మీ ఆయనకి కూడా సెప్పకు. ఆ మైకు మనిసికి తెలిసిందంటే ఊరంతటికీ మైకేసినట్టే."

ఇద్దరూ నవ్వారు. తలుపు చప్పుడు. ఆ వెంటనే నా గొంతు: "అక్కా, రెడీయా? హెడ్‌ఫోను రెండు చెవులకీ సరిగ్గా పెట్టుకో. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆమె ఆరోజంతా ఎడమ చెవి మీంచి హెడ్‌ఫోను పక్కకి నెట్టుకుంటూనే ఉంది. పెద్ద పాటగాళ్ళని చూసి నేర్చుకుందని వెక్కిరించాను కూడా. శ్రుతి దిగింది అందుకే.

వంటింట్లోకి వెళ్ళి నా భార్యని అడిగాను. ఆమె గరిటె కింద పెట్టింది.

"నీకెవరు సెప్పినారు?"

చెప్పాను. ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. కోపం కాదది. రోడ్డు మీద ఎవరినో గుద్దేసి వచ్చిన మనిషిని చూసినట్టు చూసింది.

"ఆవిడికి ముందు నువ్వే సెప్పు," అంది. "నా నోట్లోంచి రాదు."

ఖరగ్‌పూర్ అతనికి రాశాను. ఎవరికైనా చెప్పారా అని అడిగాను. అలా అడగడం కూడా తప్పేనని పంపాక తెలిసింది. అతని జవాబు వెంటనే వచ్చింది. "మా నాన్నా రైల్వేలోనే చేశాడు భయ్యా. ఎవరికి చెప్తాను? ఆమె శ్రుతి గురించి రాశాను, చెవి సంగతి తెలీక. నా తరఫున సారీ చెప్పండి." కాసేపటికి ఇంకొకటి: "కాని గ్రూపులో విశాఖవాళ్ళూ బిలాస్‌పూర్‌వాళ్ళూ ఉన్నారు. ఎంతమంది దించుకున్నారో తెలీదు."

ఎంతమందో ఫోల్డరు పెట్టిన ఆ పేజీ కూడా చెప్పదు. వెదికి వెదికి చూశాను. దించుకున్నవాళ్ళలో తెలుగొచ్చినవాడు ఒక్కడేనా? టాటానగర్లో చుట్టాలున్నవాడు ఉంటే? ఎవడైనా సరదాకి ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి పంపితే? రైల్వే కాలనీల మధ్య మాట ఏ బండెక్కి వచ్చిందో తెలియదు గాని రావడం మాత్రం వచ్చేస్తుంది. ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను, మోగకపోతే ఇప్పటికే అందరికీ తెలిసిపోయిందేమో అనిపిస్తోంది.

దానికి మించిన భయం ఇంకొకటుంది. మాట బయటికి రాకపోతే ఏమవుతుంది? ఆమె పొద్దున్నే నారింజ రంగు జాకెట్టు వేసుకుని మళ్ళీ పట్టాల మీదికి వెళుతుంది. ఇంజిను ఆ పక్కనుంచి వస్తుంది. జాకెట్టు పట్టి లాగే మనిషి ఆరోజు సెలవులో ఉంటాడు.

మర్నాడు ఆమెకి చెప్పకుండా ఉండడానికి కారణాలు చాలా దొరికాయి. ఫోల్డరు తీసేశాను కదా. ఉన్న బాధ చాలక ఇంకొకటి ఎందుకు? అవన్నీ బాగానే కుదిరాయి. కాని సాయంత్రం ఆమె డ్యూటీ దిగే వేళకి నా కాళ్ళే నన్ను యార్డు పక్క రోడ్డు మీదికి తీసుకుపోయాయి. ఆమె టిఫిను సంచీతో ఎదర నడుస్తోంది. నేను ఎడమ పక్కనుంచి దగ్గరకెళ్ళి "అక్కా" అన్నాను. తిరగలేదు. గట్టిగా అన్నాను. నడుస్తూనే ఉంది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, ఆమెని రాసుకున్నట్టుగా పోతూ "బహరీ హై క్యా?" అని అరిచాడు, చెవుడా అని. ఆమె రోడ్డు అంచుకి గెంతి, నన్ను చూసి నవ్వింది.

"ఏటి తమ్ముడూ, దెయ్యాన్ని సూసినట్టున్నావు?"

వాళ్ళింట్లో కూతురు పుస్తకాల సంచీ తగిలించుకుంటోంది. "బాగా చదువుతున్నావా అమ్మా?" అని అడిగితే "హాఁ మామా, ట్యూషన్‌కే లియే లేట్ హో రహా హై" అంటూ వెళ్ళిపోయింది. ఆ పిల్ల వీధి మలుపు తిరిగాక చెప్పాను. గ్రూపులో పంతం, ఫోల్డరు, మైకు, ఖరగ్‌పూర్ మనిషి, ఏదీ దాచకుండా చెప్పాను. చెబుతూ ఆమె కుడి పక్కకి జరిగానని మధ్యలో గమనించాను. ఆమె కూడా గమనించింది.

"నీ మిక్సింగులు తగలెయ్యా," అంది. "నా గొంతు ఎవుడికో పంపడానికి నన్నడగాలని తెలీదేటి నీకు? పక్కింటికి పప్పు పంపినా గిన్నె ఎవురిదో సూసి పంపుతాం కాదేటి?"

"తప్పయిపోయింది అక్కా."

"ఎవుడికి తెలిసింది?"

"తెలుగొచ్చిన ఒక్కడికి."

"ఒక్కడేనని నీకెలాగ తెలుసు?"

ఆమె నా ముందుకి చెయ్యి చాపింది.

"ఏదీ, ఇనిపించు."

నా ఫోనులో ఉన్నది పెట్టి ఇయర్‌ఫోన్ ఇచ్చాను. కుడి చెవిలో పెట్టుకుంది. ఆమె ముఖం చూడలేక నేను పొయ్యి మీద గిన్నెని చూస్తున్నాను. విన్నాక మళ్ళీ పెట్టమంది. మళ్ళీ విని, ఇయర్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆరోజు నవ్వుతా సెప్పినాననుకున్నాను," అంది. "ఇదేటి, ఇంత బయపడతన్నాది ఈ మనిసి?"

తనని కాదు, ఎవరో తెలిసినామెని గురించి అన్నట్టు అంది.

"ఎవుడి నోటనో ఆఫీసుకి ఎల్లేకంటే నా నోటితో నానే సెప్పుకుంటాను. రేపు సెలవెడతాను. నువ్వూ రా. నువ్వు సేసినదానికి నువ్వు కూకోవద్దేటి?"

మర్నాడు రైల్వే ఆస్పత్రి బల్ల మీద ఆమె ఎడమ పక్కన కూర్చున్నాను. అక్కడే కూర్చోమంది. చుట్టూ యూనిఫారాల్లో జనం, ఎవరి కాగితాలు వాళ్ళవి. తెలిసినవాడొకడు "క్యా హువా దీదీ?" అని అడిగితే "కుఛ్ నహీ, సర్దీ" అంది. నాకు మాత్రం అన్యాయంగా ఇంకా ఒక ఆశ ఉంది. లోపలికి వెళ్ళాక ఆమె మనసు మారి జలుబు మందు తీసుకుని బయటికొచ్చేస్తే? నా తప్పు ఎవరికీ తెలియకుండా పోతుంది కదా. అలాంటి ఆలోచన వచ్చినవాణ్ణి నేనేనని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ క్షణంలో ఎడమ పక్క తలుపు తెరుచుకుని ఆమె పేరు పిలిచారు. ఆమె ఎదర గోడనే చూస్తోంది. రెండోసారి పిలిచారు. అందరూ తలలు తిప్పారు. నేను ఆమె చెయ్యి తాకాను. లేచి కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళింది.

చెప్పేసింది. ఆరోజు నుంచే పట్టాల మీదికి పంపడం లేదు. పెద్ద ఆస్పత్రిలో ఇంకా పరీక్షలున్నాయి. తర్వాత ఏ పని ఇస్తారో, క్వార్టరు సంగతేమిటో ఇది రాస్తున్న రోజుకి తేలలేదు. ఆమె ప్రతి సాయంత్రం మా గుమ్మంలో కూర్చుంటుంది. నా భార్యతో మాట్లాడుతుంది, నాతో తక్కువ. గ్రూపులో ఖరగ్‌పూర్ అతనికి అందరి ముందూ క్షమాపణ చెప్పాను, అతని పాట రెండుసార్లు విన్నాను. పిల్లల గొంతులు నిజంగా బాగున్నాయి. నా ఫోల్డరు ఎవరి కంప్యూటర్లో ఇంకా ఉందో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

మొన్న ఆమే అడిగింది. "తమ్ముడూ, నా పాటలో సగం ఆ పక్కన, సగం ఈ పక్కన పెడతావు కదా. అదంతా ఒక్క పక్కకే తెచ్చియ్యి. నా పాట నాను పూర్తిగా ఇనాల."

ఎడమ కుడి తేడా లేకుండా అంతా ఒక్కటిగా కలిపాను. అలా కలిపితే ఒకదాని మీద ఒకటి పడి ఇరుకవుతుంది, దాచుకోవడానికి చోటుండదు. శ్రుతి దిగిన చోట్లు దిగినట్టే వదిలేశాను. గ్రూపులో పెట్టలేదు. ఆమె కుడి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి, పాట నడిచినంతసేపూ ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను. ఏ పాట పెట్టినప్పుడూ నాకంత భయం వెయ్యలేదు.

చివరి చరణం అయ్యాక కళ్ళు తెరిచింది.

"హార్మోనీ పెట్టె ఎక్కువైపోయింది," అంది. "తగ్గించు."

తగ్గించడానికి లోపలికి వెళ్ళాను.